చదువరుల ప్రశ్నలు – జవాబులు: ఎపాక్సీ రెసిన్, దాన్ని గట్టిపరిచే రసాయనం

రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ అనే రెండింటిని కలిపి వాడే ఎపాక్సీ గురించి దక్షిణ తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒకచోట చేర్చాము. వడ్రంగి పనివారు, విద్యార్థులు, గ్రానైట్ కార్మికులు, రైతులు వేర్వేరు కారణాలతో అడిగినా, చాలా ప్రశ్నలకు మూలం ఒకే రసాయన చర్యలో ఉంది. అందువల్ల మొదటి జవాబు కొంత పొడవుగా ఉంటుంది.

ప్రశ్న: వేప దుంగల మధ్య రెసిన్ పోసి టీపాయ్‌లు చేస్తున్నాను. జనవరిలో పోసినది వారం దాటినా వేలికి అంటుతూనే ఉంది. ఏప్రిల్‌లో త్వరగా గట్టిపడాలని హార్డెనర్ కాస్త ఎక్కువ వేసి, ఒకే బకెట్‌లో మూడు లీటర్లు కలిపితే పొగలు వచ్చి బకెట్ మెత్తబడింది, పోసినంత మేరా పగుళ్లు పడ్డాయి. రెండుసార్లూ ఒకే కంపెనీ సరుకు. లోపం సరుకుదా, నాదా? (నల్లగొండ నుంచి ఒక వడ్రంగి)

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి సరుకును తప్పుపట్టడానికి కారణం కనిపించడం లేదు. హార్డెనర్ పెంచితే త్వరగా గట్టిపడుతుందనే నమ్మకం బహుశా ఫైబర్ పనిలో వాడే పాలియెస్టర్ రెసిన్ నుంచి వచ్చి ఉంటుంది. అక్కడ కోబాల్ట్ కలిపిన రెసిన్‌లో నూటికి ఒకటి రెండు పాళ్లు పెరాక్సైడ్ వేస్తారు. అది చర్యను మొదలుపెట్టేది మాత్రమే కనుక, కొంత హద్దు వరకు ఎక్కువ వేస్తే త్వరగా, తక్కువ వేస్తే ఆలస్యంగా గట్టిపడుతుంది. (ఆ కోబాల్ట్‌ను, పెరాక్సైడ్‌ను నేరుగా ఒకదానిలో ఒకటి పోస్తే పేలుడు సంభవిస్తుంది, ఫైబర్ పని కూడా చేసేవారు ఈ రెండు డబ్బాలను పక్కపక్కన ఉంచకూడదు.) ఎపాక్సీలో హార్డెనర్ అలాంటిది కాదు. అది చర్యలో పాల్గొని, తయారయ్యే గట్టి పదార్థంలో శాశ్వతంగా భాగమైపోతుంది. కాబట్టి దాని పాలు ఎంతో ముందే లెక్క తేలి ఉంటుంది.

ఆ లెక్క ఇలా వస్తుంది. ఎపాక్సీ రెసిన్ అణువు రెండు కొసలలోనూ రెండు కార్బన్‌లు, ఒక ఆక్సిజన్ కలిసిన ముక్కోణపు వలయం ఉంటుంది. కార్బన్ బంధాల మధ్య సహజంగా 109 డిగ్రీలకు పైన ఉండవలసిన కోణం ఈ వలయంలో 60 డిగ్రీలకు కుదించుకుపోతుంది. అందువల్ల వలయం ఎప్పుడూ బిగువులో ఉండి, అవకాశం దొరికితే తెరుచుకుంటుంది. హార్డెనర్‌లోని అమీన్ అనే నత్రజని ఉన్న పదార్థం ఆ అవకాశం ఇస్తుంది. నత్రజనికి అంటి ఉన్న ఒక్కొక్క హైడ్రోజన్ ఒక్కొక్క వలయాన్ని తెరిచి, అక్కడ నత్రజనికీ కార్బన్‌కూ మధ్య బంధం ఏర్పడేలా చేస్తుంది. ట్రైఎథిలీన్ టెట్రమీన్ అనే సాధారణ హార్డెనర్ అణుభారం 146. అందులో ఇలాంటి హైడ్రోజన్‌లు ఆరు ఉన్నాయి కనుక ఒక్కొక్క హైడ్రోజన్ వాటాకు సుమారు 24 గ్రాములు వస్తుంది. మామూలు ద్రవ రెసిన్‌లో ఒక వలయం వాటా సుమారు 190 గ్రాములు. అంటే 190 గ్రాముల రెసిన్‌కు 24 గ్రాములు, 100 గ్రాములకు 13 గ్రాములు. మీరు వాడే రకం హార్డెనర్ మందంగా పోయడానికి తయారుచేసినది. అందులోని అమీన్ అణువులు పెద్దవి, నెమ్మదిగా చర్య జరిపేవి. కాబట్టి 100 గ్రాముల రెసిన్‌కు దాని పాలు 30 గ్రాములకు పైనే ఉంటుంది. ఒక హార్డెనర్ పాలును మరొకదానికి వాడకూడదనడానికి కారణం ఇదే.

లెక్కకు మించి వేసిన అమీన్‌కు తెరవడానికి వలయాలు మిగలవు. ఆరు చేతులతో ఆరు గొలుసులను పట్టుకోవలసిన అణువు మూడింటిని పట్టుకొని ఆగిపోతుంది. అల్లిక పలచబడి, ముక్క మెత్తగా ఉండి, నీటిని పీల్చుకుంటుంది. తక్కువ వేసినా అల్లిక పూర్తి కాదు. తూకం విషయంలో ఇంకొక చిక్కు ఉంది. డబ్బా మీద 2:1 అని ఘనపరిమాణం ప్రకారం రాసి ఉంటే కాటా మీద 100కి 50 తూచకూడదు. రెసిన్ నీటికంటే బరువైనది, హార్డెనర్ సాధారణంగా నీటికంటే కాస్త తేలిక. కనుక తూకంలో అది 100కి సుమారు 43 అవుతుంది. కంపెనీ తూకం పాలు విడిగా ఇచ్చి ఉంటే దానినే పాటించాలి.

ఇక పొగల సంగతి. ఒక్కొక్క మోల్ వలయాలు (అంటే పైన చెప్పిన 190 గ్రాముల రెసిన్‌లోనివి) తెరుచుకున్నప్పుడు సుమారు 100 కిలోజౌళ్ల వేడి వెలువడుతుంది. ఆ వేడి ఎటూ పోకుండా ముద్దలోనే నిలిచిపోతే, పైన చెప్పిన మిశ్రమం ఉష్ణోగ్రత 200 డిగ్రీలకు పైగా పెరగగలదు. పలచగా పూసినప్పుడు వేడి గాలిలోకి, చెక్కలోకి పోతుంది. బకెట్‌లో మూడు లీటర్లు ఉన్నప్పుడు, తడి వడ్లను కుప్పగా పోస్తే నడిమధ్య ఉడికిపోయినట్టు, లోపలి వేడికి దారి ఉండదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చర్య వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది కాబట్టి వేడి చర్యను, చర్య వేడిని పెంచుకుంటూ పోతాయి. నల్లగొండ ఏప్రిల్ మధ్యాహ్నం 42 డిగ్రీలలో మీరు మొదలుపెట్టారు. డబ్బా మీది పనిసమయం సాధారణంగా 25 డిగ్రీల దగ్గర, కొద్ది మోతాదు మిశ్రమానికి కొలిచి రాసినది. ఎండాకాలం అది మూడోవంతుకో, నాలుగోవంతుకో పడిపోతుంది. వేడిలో గట్టిపడిన ముద్ద చల్లారేటప్పుడు ముడుచుకోబోయి, చెక్క అంచులు పట్టి ఉంచడంతో పగిలింది.

తెల్లవారుజామున కలపండి. కలిపిన వెంటనే బకెట్‌లోంచి వెడల్పైన అచ్చులోకి ఒంపేయండి. ఎంత మందం వరకు ఒకేసారి పోయవచ్చో కంపెనీ చెప్పిన దానికి మించకుండా పొరలుగా పోయండి. కింది పొర పారడం మాని, వేలికి కొంచెం అంటుతూ ఉన్నప్పుడే పై పొర పోస్తే రెండింటి మధ్య రసాయన బంధమే ఏర్పడుతుంది. పూర్తిగా గట్టిపడిన తర్వాతైతే సాండ్‌పేపర్‌తో గరుకు చేయక తప్పదు. చెక్కను బాగా ఆరబెట్టి, ముందుగా రెసిన్‌ను పలచగా పూస్తే, చెక్క రంధ్రాల్లోని గాలి బుడగలుగా పైకి రావడం కూడా తగ్గుతుంది.

జనవరి ముక్క వేరే కథ. రాత్రి ఉష్ణోగ్రత 15, 16 డిగ్రీలకు పడిపోయినప్పుడు, అల్లిక కొంత పెరిగేసరికే అణువులు కదలలేని గాజు స్థితికి చేరతాయి. మిగిలిన అమీన్, మిగిలిన వలయం పక్కపక్కనే ఉన్నా కలుసుకోలేవు. దాన్ని రేకుల షెడ్డులోనో, వేడి గాలి పెట్టెలోనో 45, 50 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉంచి చూడండి. గట్టిపడితే దోషం చలిది. అప్పటికీ అంటుతూ ఉంటే పాలు తప్పిందనో, బకెట్ గోడలకూ అడుగుకూ అంటిన రెసిన్ సరిగా కలవలేదనో అర్థం. అలాంటి ముక్కను ఎన్నాళ్లు ఎండలో ఉంచినా ప్రయోజనం లేదు. మెత్తని భాగం గీకి తీసి మళ్లీ పోయవలసిందే. ఒకసారి కలిపిన మిశ్రమాన్ని రెండో శుభ్రమైన డబ్బాలోకి ఒంపి మళ్లీ కలిపితే ఈ గోడల సమస్య తప్పుతుంది. చలికాలంలో రెసిన్ డబ్బాలో తెల్లని పలుకులు కనిపిస్తే చెడిపోయిందని పారేయకండి. స్వచ్ఛమైన ఈ రెసిన్ 40 డిగ్రీలకు కాస్త పైన కరిగే స్ఫటికమే. మూత బిగించి వేడి నీళ్లలో ఉంచితే మళ్లీ ద్రవమవుతుంది.

ప్రశ్న: బిస్‌ఫినాల్-ఎ, ఎపిక్లోరోహైడ్రిన్ కలిస్తే ఎపాక్సీ రెసిన్ వస్తుందని మా పుస్తకంలో ఒకే సమీకరణంగా ఉంది. ఒకటికి రెండు మోల్‌లు సరిపోతున్నప్పుడు పరిశ్రమలో ఎపిక్లోరోహైడ్రిన్ చాలా ఎక్కువ ఎందుకు వాడతారు? (మహబూబ్‌నగర్ నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని)

జవాబు: ఆ ఒక్క సమీకరణంలో రెండు దశలు దాగి ఉన్నాయి. రెండు ఫినాల్ అణువులను ఒక అసిటోన్ అణువుతో కలిపితే బిస్‌ఫినాల్-ఎ వస్తుంది. కాస్టిక్ సోడా సమక్షంలో దాని ఫినాల్ కొస ఎపిక్లోరోహైడ్రిన్ వలయాన్ని తెరుస్తుంది. అప్పుడు పక్కపక్క కార్బన్‌ల మీద ఒక హైడ్రాక్సిల్, ఒక క్లోరిన్ మిగులుతాయి. రెండో దశలో కాస్టిక్ సోడా ఆ రెండింటి నుంచి హైడ్రోజన్ క్లోరైడ్‌ను లాగివేయడంతో కొసలో కొత్త వలయం మూసుకుంటుంది. అణుభారాలు కూడి చూడండి: బిస్‌ఫినాల్-ఎ 228, రెండు ఎపిక్లోరోహైడ్రిన్‌లు 185, మొత్తం 413. పోయిన రెండు హైడ్రోజన్ క్లోరైడ్‌ల బరువు 73. మిగిలిన 340 మనకు కావలసిన అణువు భారం. వెలుపలికి వచ్చే ఉప్పు 117. అంటే ఒక టన్ను రెసిన్‌కు దాదాపు 345 కిలోల ఉప్పు, కొంత నీరు విడిపోతాయి. రెసిన్ కర్మాగారాలకు ఉప్పునీటి శుద్ధి పెద్ద ఖర్చు కావడానికి కారణం అదే.

అసలు చిక్కు ఏమిటంటే, కొత్తగా ఏర్పడిన వలయాన్ని కూడా మిగిలి ఉన్న బిస్‌ఫినాల్ వచ్చి తెరవగలదు. అలా జరిగితే రెండు అణువులు కలిసి పొడుగు గొలుసు అవుతుంది. ఒక్కొక్క కలయికకు భారం 284 పెరుగుతుంది. ఒకటికి రెండు మోల్‌ల చొప్పున వేస్తే ఇలాంటి పొడుగు గొలుసులే ఎక్కువ వస్తాయి. చుట్టూ ఎపిక్లోరోహైడ్రిన్ విస్తారంగా ఉంటే ప్రతి ఫినాల్ కొసకూ అదే ముందుగా దొరుకుతుంది. అందుకని ఒకటికి దాదాపు పది మోల్‌ల వరకు వేసి, మిగిలినదాన్ని స్వేదనం చేసి మళ్లీ వాడుకుంటారు. ఇంత చేసినా కొద్ది గొలుసులు పెరగకుండా ఉండవు. మొదటి జవాబులో వలయం వాటా 170 (340లో సగం) అనకుండా 190 అనడానికి కారణం ఆ కొద్దిపాటి పెరుగుదలే. పౌడర్ పెయింట్లకు ఘన రెసిన్ కావలసినప్పుడు దీన్నే ఉద్దేశపూర్వకంగా చేస్తారు. ద్రవ రెసిన్‌కు మరికొంత బిస్‌ఫినాల్-ఎ, ఉత్ప్రేరకం కలిపి వేడిచేస్తే గొలుసులు పెరిగి వలయం వాటా 700–900 గ్రాముల వరకు వెళుతుంది.

మీ కళాశాల ప్రయోగశాలలో రెసిన్ తయారుచేయాలన్న ఆలోచన ఉంటే వదిలివేయండి. ఎపిక్లోరోహైడ్రిన్ విషపూరితం, మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశమున్న పదార్థాల జాబితాలో ఉంది. దానికి బదులు, కొన్న రెసిన్‌లో వలయాల వాటాను అంశమాపనం ద్వారా కొలవడం ప్రాజెక్టుకు ఎక్కువ తగినది. హైడ్రోజన్ బ్రోమైడ్ వలయాన్ని తెరుస్తుంది. వలయాలన్నీ అయిపోగానే క్రిస్టల్ వయొలెట్ సూచిక రంగు మారుతుంది. ఇది కూడా గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లంలో చేసే పని కనుక అధ్యాపకుల సమక్షంలో, పొగలను బయటికి లాగే గూడులోనే (ఫ్యూమ్ హుడ్) చేయాలి.

చరిత్ర కూడా అడిగారు. పెరాసిడ్‌తో (అదనపు ఆక్సిజన్ ఉన్న ఆమ్లంతో) ఈ ముక్కోణపు వలయాన్ని తయారుచేసే పద్ధతిని రష్యన్ శాస్త్రవేత్త ప్రిలెజాయెవ్ 1909లో ప్రకటించాడు. జర్మనీలో పాల్ ష్లాక్ 1934లో ఎపాక్సీ, అమీన్‌ల మీద పేటెంటు కోరాడు. కట్టుడు పళ్ల కోసం వెతుకుతూ స్విట్జర్లాండ్‌లో పియర్ కాస్తాన్, రంగుల కోసం వెతుకుతూ అమెరికాలో సిల్వాన్ గ్రీన్లీ, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా బిస్‌ఫినాల్ రెసిన్‌కు చేరారు. కాస్తాన్ పేటెంటును తీసుకున్న సీబా కంపెనీ 1946లో అరాల్డైట్‌ను బజారుకు తెచ్చింది. కాస్తాన్ హార్డెనర్‌గా వాడినది థాలిక్ అన్‌హైడ్రైడ్. ఆ జాతి హార్డెనర్‌లు నెమ్మదిగా, పొయ్యి వేడిలో మాత్రమే పనిచేస్తాయి కనుక లోపల వేడి పేరుకోకుండా పెద్ద పెద్ద పోతలు పోయవచ్చు. నూనె లేని ట్రాన్స్‌ఫార్మర్ల చుట్లను నేటికీ అలాంటి రెసిన్‌లోనే పోత పోస్తారు.

ప్రశ్న: గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో బండలకు రెసిన్ పూసే పని చేస్తున్నాను. మొదట ఏమీ కాలేదు. కొన్ని నెలల తర్వాత చేతులకు దురద, కనురెప్పలకు వాపు మొదలయ్యాయి. ఆదివారం తగ్గి, పనికి వెళ్లగానే మళ్లీ వస్తున్నాయి. (నల్లగొండ జిల్లా)

జవాబు: సెలవులో తగ్గి, పనికి వెళితే తిరగబెట్టడం ఎపాక్సీ పడకపోవడానికి స్పష్టమైన సూచన. బండల వెంట్రుకవాసి పగుళ్లలోకి దిగడానికి పలచని రెసిన్ వాడతారు. ఆ పలచని రెసిన్‌లో చిన్న అణువులు ఎక్కువ. చర్మానికి పడకపోవడాన్ని తెచ్చిపెట్టడంలో ఆ చిన్న అణువులే తీవ్రమైనవి. అమీన్ హార్డెనర్ చర్మాన్ని నేరుగా కాలుస్తుంది కూడా. మొదటి నెలల్లో శరీరం ఆ పదార్థాన్ని గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. ఒకసారి నేర్చుకున్నాక సాధారణంగా జీవితాంతం మరిచిపోదు, లేశమాత్రానికీ స్పందిస్తుంది. అందువల్ల అలవాటైతే పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఆలస్యం చేయకుండా చర్మవ్యాధుల వైద్యుని కలిసి, ఏ పదార్థం పడడం లేదో తెలిపే ప్యాచ్ పరీక్ష గురించి అడగండి. వెళ్లేటప్పుడు రెండు డబ్బాల మీది కాగితాలను ఫోటో తీసి పట్టుకెళ్లండి. పనిలో నైట్రైల్ చేతితొడుగులు వాడి, రెసిన్ అంటిన వెంటనే మార్చాలి. గుడ్డ తొడుగులు రెసిన్‌ను పీల్చి చేతికే అంటిపెట్టి ఉంచుతాయి. చాలామంది చేతులను థిన్నర్‌తో కడుగుతారు. అది చర్మపు నూనెను తీసివేసి రెసిన్ లోపలికి దిగడానికి దారి చేస్తుంది. సబ్బు, నీళ్లు చాలు. పడకపోవడం నిర్ధారణ అయితే రెసిన్ లేని పనికి మార్చమని యజమానిని అడగడమే సరైన మార్గం. ఆ యజమాని ఈ పత్రిక చదువుతున్నట్లయితే ఆ అడగవలసిన అవసరం కూడా రాకుండా చూడాలని మా విన్నపం. పూర్తిగా గట్టిపడని రెసిన్ మీద మర పెడితే వచ్చే ధూళి కూడా ఇదే హాని చేస్తుంది. అందులో కలిసి ఉండే రాతి ధూళి ఊపిరితిత్తులకు ఇంకా పెద్ద ప్రమాదం.

ప్రశ్న: మా ప్రాంతంలో ఆముదం పంట ఎక్కువ. ఆముదంతో ఎపాక్సీ చేయవచ్చని విన్నాను. నిజమైతే రైతుకు మంచి ధర వస్తుందా? (నాగర్‌కర్నూల్ జిల్లా, పాలెం దగ్గరి రైతు)

జవాబు: ఆముదం మీద పరిశోధన చేసే వ్యవసాయ కేంద్రం మీ పాలెంలోనే ఉంది కనుక విత్తనం సంగతులు మీకు మాకంటే ఎక్కువ తెలుసు. నూనె సంగతి చెబుతాము. ఆముదంలోని కొవ్వు ఆమ్లాలలో 85–90 శాతం రిసినోలిక్ ఆమ్లం. దాని గొలుసులో ఒక ద్విబంధం (రెండు కార్బన్‌ల మధ్య జంట బంధం), ఒక హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్‌ల జత) ఉంటాయి. ఈ రెండూ రెండు దారులు. హైడ్రోజన్ పెరాక్సైడ్, ఎసిటిక్ ఆమ్లాల నుంచి పుట్టే పెరాసిడ్‌తో ద్విబంధాన్ని ఎపాక్సీ వలయంగా మార్చవచ్చు. కాని ఆ వలయం గొలుసు కొసలో కాక నడుమ ఉంటుంది. రెండు వైపులా అడ్డు ఉండడంతో అమీన్ గది ఉష్ణోగ్రతలో దాన్ని తెరవలేదు. పైగా ఒక్కొక్క గొలుసుకు ఒక్క వలయమే దొరుకుతుంది. ఈ పనికి ద్విబంధాలు ఎక్కువగా ఉన్న సోయా, అవిసె నూనెలే మేలు. రెండో దారి మేలైనది: హైడ్రాక్సిల్‌ను ఎపిక్లోరోహైడ్రిన్‌తో చర్య జరిపిస్తే వలయం కొసలో ఏర్పడుతుంది. అలా వచ్చిన ద్రవాన్ని బిరుసైన ఎపాక్సీ పగలకుండా వంగే గుణం ఇవ్వడానికి కలుపుతారు. ఇది మార్కెట్‌లో ఉన్న సరుకే.

ధర విషయంలో మాత్రం మీకు ఆశ పెట్టలేము. ఎపాక్సీలో ఆముదం ప్రధాన పదార్థం కాదు, కలిపే పదార్థం. ఆముదానికి గట్టి గిరాకీ పాలియూరిథేన్‌ల నుంచి, నైలాన్-11 నుంచి, సెబాసిక్ ఆమ్లం నుంచి వస్తుంది. మొక్కల నూనెలకు ఎపాక్సీతో ఇంకొక బంధుత్వం కూడా ఉంది. సబ్బు, బయోడీజిల్ తయారీలో మిగిలే గ్లిజరిన్ నుంచి ఎపిక్లోరోహైడ్రిన్ చేసే పద్ధతి పరిశ్రమలో స్థిరపడింది. కాని ఆ గ్లిజరిన్ ఏ నూనెదైనా ఒకటే కనుక అందులో ఆముదానికి ప్రత్యేకమైన లాభమేమీ లేదు.

ప్రశ్న: గోదాము నేలకు వానాకాలంలో ఎపాక్సీ రంగు వేయించాము. మర్నాడు పైన తెల్లగా, జిడ్డుగా పొర కనిపించింది. రెండో పూత వేయవచ్చా? (గద్వాల)

జవాబు: అలాగే వేస్తే లేచిపోతుంది. గాలిలోని తేమ, బొగ్గుపులుసు వాయువు పైకి తేలిన అమీన్‌తో కలిసి ఏర్పరచిన లవణపు పొర అది. గోరువెచ్చని సబ్బునీళ్లతో పీచు పెట్టి కడిగి, ఆరాక గరుకు చేసి అప్పుడు రెండో పూత వేయండి. కడగకుండా సాండ్‌పేపర్ పెడితే ఆ లవణాన్నే నేలంతా రుద్దినట్టవుతుంది. ఇకముందు, నేల ఉష్ణోగ్రత, గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత (తుషార బిందువు) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉన్నప్పుడే పూయించండి. తేమ తప్పని చోట ఫీనాల్కమీన్ హార్డెనర్ ఉన్న రంగు అడగండి. అది జీడిగింజ పెంకు నూనె నుంచి వచ్చేది, తడిని బాగా ఓర్చుకుంటుంది.

ప్రశ్న: రెసిన్ బల్ల మీద వేడి గిన్నె పెడితే గుండ్రని మచ్చ పడింది. కిటికీ వైపు పసుపెక్కింది కూడా. (వనపర్తి నుంచి ఒక ఉపాధ్యాయిని)

జవాబు: గది ఉష్ణోగ్రతలో గట్టిపడిన ఎపాక్సీ చాలావరకు 50, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. పోసిన తర్వాత మెల్లగా 60–80 డిగ్రీల వరకు వేడిచేసి కొన్ని గంటలు ఉంచితే ఆ హద్దు పెరుగుతుంది. ఆ పని తయారుచేసినవారే చేయాలి. మీకు గిన్నె కింద పీట తప్పదు. పసుపు రంగు ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్ల వచ్చింది. బిస్‌ఫినాల్ బెంజీన్ వలయాలు ఆ కిరణాలను పీల్చుకొని మార్పు చెందుతాయి. ఎండ తగిలే చోట పైన పాలియూరిథేన్ వార్నిష్ పూత వేయించడం అందుకే. వచ్చిన పసుపు మాత్రం పోదు, గీకించవలసిందే.

ప్రశ్న: ఫ్లోరైడ్ నీళ్ల ఊరు మాది. తాగునీటి సంపు లోపల ఎపాక్సీ పూస్తే ఫ్లోరైడ్ తగ్గుతుందా? (మునుగోడు ప్రాంతం)

జవాబు: తగ్గదు. ఎపాక్సీ కారడాన్ని ఆపుతుంది, నీటిని శుద్ధి చేయదు. పూయించేటట్లయితే తాగునీటికి తగినదని ధ్రువీకరణ ఉన్న, ద్రావణి లేని రకాన్నే తీసుకొని, కంపెనీ చెప్పినన్ని రోజులు పూర్తిగా గట్టిపడనిచ్చి, ఒకటి రెండుసార్లు నీళ్లు నింపి పారబోసిన తర్వాతే వాడండి. మిగిలిపోయిన నేల రంగును సంపుకు పూయకండి.

ప్రశ్న: తప్పుగా అతికిన బండను ఊడదీసి, ఆ ఎపాక్సీని కరిగించి మళ్లీ వాడవచ్చా? (సూర్యాపేట నుంచి ఒక టైల్స్ మేస్త్రి)

జవాబు: మళ్లీ వాడలేరు. గొలుసులన్నీ ఒకదానికొకటి కట్టుబడిపోయాక అది కరగదు, మరీ వేడిచేస్తే మాడుతుంది. 2011లో పారిస్‌లో లూద్విక్ లైబ్లర్ బృందం ప్రకటించిన విట్రిమర్ అనే రకంలో బంధాలు వేడికి చోటు మార్చుకుంటాయి కనుక ముక్కను మళ్లీ మలచవచ్చు. మీరు వాడే డబ్బాల్లో ఉన్నది అది కాదు. ఊడదీయడానికి మాత్రం వీలుంది. హీట్ గన్‌తో అతుకును 80 నుంచి 100 డిగ్రీల వరకు నెమ్మదిగా వేడిచేస్తే జిగురు రబ్బరులా మెత్తబడుతుంది. అది చల్లారకముందే పలచని ఉలిని జొనిపి తీయండి. బండ ఒకేచోట వేడెక్కి పగలకుండా గన్‌ను కదుపుతూ ఉండండి. పొగ కనిపించగానే ఆపి, కిటికీలు తెరవండి.